ఛాయాచిత్రకళకు రాజా – దీన్‌దయాళ్

ఈ రోజుల్లో ఫోటో తియ్యడం రాని విద్యార్థి లేడు. జేబులో సెల్‌ఫోను ఉంది, దానికో కెమేరా ఉంది. హాస్టలు గదిలో, క్యాంటీను ముందు, వీడ్కోలు సభలో ఎక్కడ పడితే అక్కడ, ఎన్ని పడితే అన్ని తీస్తూనే ఉంటాం. అయితే ఆ వందల బొమ్మల్లో పదికాలాలపాటు దాచుకోదగ్గవి ఎన్ని అని ఎవరికి వారు ప్రశ్నించుకుంటే జవాబు చెప్పడం కాస్త కష్టమే. ముఖం నల్లబడిపోయిందనో, ముక్కు లావయిపోయిందనో, తలమీద కరెంటు స్తంభం మొలిచిందనో ఏదో ఒక పేచీ. తప్పు కెమేరాదని సరిపెట్టుకుంటాం. నూరేళ్లకు పైబడిన కిందట, ఇప్పటి సౌకర్యాల్లో ఒక్కటీ లేని కాలంలో, ఒక భారతీయుడు తీసిన ముఖచిత్రాలు ఈనాటికీ చూసేవాళ్లను కదలనివ్వవు. ఆయన కీర్తిలో పెద్ద భాగం మన హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరాలతో ముడిపడి ఉంది. ఆయనే రాజా లాలా దీన్‌దయాళ్.

ఆయన చరిత్ర చదవడం వల్ల మనకు రెండు లాభాలు. మనిషి ముఖాన్ని ఫోటో తియ్యడంలో కొత్తగా చెయ్యి పెట్టినవాళ్లకు వెలుతురు సంగతి, అమరిక సంగతి తెలుస్తాయి. ఒక చేతివిద్యను నమ్ముకున్న మనిషి ఎంత ఎత్తుకు ఎదగగలడో, ఆ ఎదుగుదలకు ఎవరి నీడలో నిలబడవలసి వచ్చిందో కూడా తెలుస్తుంది. రెండోది కూడా విద్యార్థులకు అక్కరకు వచ్చే పాఠమే.

జననం, చదువు, ఉద్యోగం

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనా అనే ఊళ్లో జన్మించారు. వాళ్లది నగల వ్యాపారం చేసుకునే జైన కుటుంబం. అప్పటికి ఫోటోగ్రఫీ వయస్సు అయిదేళ్లే. ఫ్రాన్సులో డాగెర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించింది 1839లో. అంటే ఈ కళా, ఈ కళాకారుడూ ఇంచుమించు కలిసి పెరిగారన్నమాట.

కుర్రవాడు కులవృత్తిలోకి పోలేదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. నేటి రూర్కీ ఐ.ఐ.టి.కి మూలం ఆ కాలేజీయే. అక్కడ కట్టడాల నమూనాలు గీయడం, ఖర్చు అంచనాలు కట్టడం నేర్చుకున్నారు. 1866లో ఇండోరులో ప్రభుత్వ పనుల శాఖ కార్యాలయంలో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో ఒక భారతీయ యువకుడికి అది గౌరవమైన కొలువు. నెల తిరిగేసరికి జీతం, ఆ పైన పింఛను. ఇంకేం కావాలి అనుకునే ఉద్యోగం.

ఈ డ్రాయింగు చదువు ఆయనకు తరువాత ఎంతగా పనికివచ్చిందో ఆయన ఫోటోలు చూస్తే తెలుస్తుంది. గోడ నిలువుగా నిలబడాలి, నేల గీత అడ్డంగా సమంగా ఉండాలి, ఎదుట ఉన్న వస్తువుకూ వెనక ఉన్నదానికీ మధ్య దూరం కంటికి తెలియాలి. ఇవి ఇంజనీరింగు డ్రాయింగులో మొదటి పాఠాలు. ఫోటోలో అమరిక అంటే కూడా ఇవే. మనలో చాలామందికి ఫోటో చెడడం ఇక్కడే మొదలవుతుంది. మనిషిని చూస్తాం గాని, చట్రం నాలుగు అంచులూ చూడం. మీట నొక్కే ముందు ఒక్కసారి నాలుగు మూలలకూ కన్ను తిప్పితే చాలు, తలమీద మొలిచే స్తంభాలు సగం మాయమవుతాయి.

తడి పలకల కాలం

దీన్‌దయాళ్ 1874లో కెమేరా చేతబట్టారు. అప్పటికి ఆయనకు ముప్ఫయ్యేళ్లు. సరదాకోసం మొదలుపెట్టిన పని. సరదా అంటే ఇప్పటి సరదా కాదు. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పరచాలి. దాన్ని చీకటిగదిలో వెండి లవణపు ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమేరాలో బిగించి ఫోటో తియ్యాలి, వెంటనే మళ్లీ చీకటిగదికి పరుగెత్తి పలకను కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. ఎండలు ముదిరితే అంత వ్యవధి కూడా ఉండదు. బయట ఊళ్లకు పోతే కెమేరాతోపాటు చీకటి డేరా, రసాయనాల సీసాలు, గాజుపలకల పెట్టెలు, నీళ్ల కుండలు అన్నీ వెంట కదలాలి. ఒక్క బొమ్మకు ఇంత తతంగం.

ఆ పలకలకు మరో జబ్బు ఉండేది. వాటికి ఎరుపు రంగు కనిపించేది కాదు, నీలం మాత్రం మితిమీరి కనిపించేది. ఎర్ర తలపాగా బొమ్మలో నల్లగా పడుతుంది, నీలం రంగు శాలువా తెల్లగా వెలిసిపోతుంది. మన చామనఛాయ ముఖాలు ఉన్నదానికంటె నల్లగా వస్తాయి. అందుచేత మన మనుషుల్ని తీసే ఫోటోగ్రాఫరు దొరల్ని తీసేవాడికంటె వెలుతురు విషయంలో జాగ్రత్తగా ఉండవలసి వచ్చేది. తెల్లటి అంగరఖా మాడిపోకూడదు, ముఖం చీకటి కాకూడదు.

ఈ చిక్కు నేటికీ మరో రూపంలో ఉంది. సెల్‌ఫోను కెమేరా చట్రంలోని వెలుతురంతా కలిపి సగటు కట్టి ఒక లెక్క వేసుకుంటుంది. స్నేహితుణ్ణి తెల్లగోడ ముందో, వెలుగుతున్న కిటికీ ముందో నిలబెడితే, కెమేరా ఆ తెలుపును చూసి బెదిరి మొత్తం తగ్గిస్తుంది. ముఖం నల్లబడుతుంది. విరుగుడు సులువే. అద్దంమీద ముఖం ఉన్నచోట వేలితో తాకాలి. అప్పుడు కెమేరా ముఖాన్ని బట్టి లెక్క వేసుకుంటుంది. ఇంకా మంచిది, మనిషిని కిటికీకి వీపు పెట్టకుండా కిటికీవైపు తిప్పి కూర్చోబెట్టడం.

రాజుల ఆదరణ, రాజీనామా

ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ఈ ఉద్యోగి చేతిపనిని గమనించి ప్రోత్సహించారు. ఆయన ద్వారా మధ్యభారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీతో పరిచయం కలిగింది. 1875-76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, తరువాత ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి అయిన ఆయనే, భారతదేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనకు సంబంధించిన ఫోటోలు తీసే అవకాశం దీన్‌దయాళ్‌కు దక్కింది. చెయ్యి పెట్టి రెండేళ్లు తిరగని మనిషికి అది చిన్న సంగతి కాదు.

డేలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటిస్తూ దీన్‌దయాళ్‌ను వెంట తీసుకుపోయారు. గ్వాలియర్ కోట, ఖజురాహో గుళ్లు, సాంచీ స్తూపం వంటి ప్రాచీన కట్టడాల చిత్రాలు ఆయన చేతిమీదుగా తయారయ్యాయి. గ్రిఫిన్ వ్యాఖ్యతో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడాల గ్రంథం 1886లో లండన్‌లో వెలువడింది. కట్టడాన్ని తీసేటప్పుడు కూడా దాని ముందు ఎక్కడో ఒక మనిషిని నిలబెట్టడం ఆ కాలపు మంచి ఫోటోగ్రాఫర్ల అలవాటు. ఆ మనిషి ఉంటేగాని గోపురం ఎంత ఎత్తో మనకు అందదు.

ఈలోగా దీన్‌దయాళ్ ఒక ధైర్యమైన పని చేశారు. ఉద్యోగానికి దీర్ఘకాలపు సెలవు పెట్టి ఫోటోల పనిలో దిగారు. సెలవు అయిపోయాక తిరిగి ఆఫీసుకు పోలేదు, ఉద్యోగం మానుకున్నారు. చూడండి, కళ్లు మూసుకుని దూకలేదు. ముందు సెలవు పెట్టి నీళ్లలోతు చూశారు, నిలబడగలనన్న నమ్మకం కుదిరాకే ఒడ్డు వదిలారు. కళ కోసం ఉద్యోగం వదిలినవాళ్ల కథలు మనం చాలా వింటాం. అందులో లెక్క చూసుకుని వదిలినవాళ్ల కథలు తక్కువ. ఆయన ఎస్టిమేటరు కదా, తన జీవితానికి కూడా అంచనా కట్టుకున్నారు.

1885లో వైస్రాయి ఫోటోగ్రాఫరుగా నియమితులయ్యారు. విక్టోరియా రాణి నుంచి రాజముద్ర గల అనుమతి పత్రం కూడా తరువాత వచ్చింది.

హైదరాబాదులో

అదే రోజుల్లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా నియమించారు. ఇండోరులో ఉన్న స్టూడియోకు తోడు సికిందరాబాదులో మరొకటి వెలిసింది. ఇటు నిజాము దర్బారు, అటు కంటోన్మెంటులో ఇంగ్లీషు సైనికాధికారులు, నడుమ జాగీర్దార్లు, నవాబులు, వర్తకులు. ఫోటోగ్రాఫరుకు ఇంతకంటె అనువైన ఊరు లేదు. కొందరు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని జంకే రోజులవి. అయినా రాజుగారు తీయించుకున్నాక నవాబులు, నవాబులు తీయించుకున్నాక వర్తకులు వరుసకట్టడం సహజమే కదా.

చౌమహల్లా, ఫలక్‌నుమా వంటి భవనాలు, నిజాము విందులు, వేటలు, సైన్యాల కవాతులు, అతిథుల రాకపోకలు ఆయన పలకలమీదికి ఎక్కాయి. నాటి హైదరాబాదు ఎలా ఉండేదో ఈనాడు మనం కళ్లతో చూడగలుగుతున్నామంటే అందులో పెద్ద పాలు ఆయనది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు బహుమతి లభించింది. 1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చి సత్కరించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం. ఆయన పనితనాన్ని మెచ్చుకుంటూ నిజాము ఉర్దూలో ఒక ద్విపద చెప్పారని కూడా ప్రసిద్ధి. 1896లో బొంబాయిలో మూడో స్టూడియో తెరిచారు.

స్టూడియోలో వెలుతురు

ఇక కొత్తవాళ్లకు కావలసిన అసలు పాఠం ఇక్కడుంది. ఆ కాలపు స్టూడియోలో దీపాల వెలుగు లెక్కలోకి రాదు. పని చేసేదంతా సూర్యుడే. అయితే సూర్యుణ్ణి తిన్నగా లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. గది పైకప్పులోనూ, పక్కగోడలోనూ పెద్ద గాజు పలకలు అమర్చి, వాటిని ఉత్తరంవైపు తిప్పేవాళ్లు. మన దేశంలో సూర్యుడు ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోకి ఎండ పొడ పడదు, ఆకాశపు వెలుతురు మాత్రమే మెత్తగా, నిలకడగా వస్తుంది. హైదరాబాదులో మే నెల రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజులదాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. అప్పుడు తెల్లగుడ్డ తెరలు అడ్డం లాగితే సరి.

ఈ వెలుతురును మనిషికి ఎదురుగా పెట్టరు, ఒక పక్కనుంచి, కాస్త పైనుంచి పడేటట్టు చూస్తారు. అప్పుడు ముఖంలో ఒక చెంప వెలుగులోనూ, రెండో చెంప పలచని నీడలోనూ ఉంటాయి. ముక్కు ఎత్తు, చెక్కిలి గుండ్రం, గడ్డం కోసు అన్నీ తెలుస్తాయి. వెలుతురు ఎదురుగా కొడితే ముఖం అప్పడంలా చదునైపోతుంది. ఫోనులోని ఫ్లాష్ వేసి తీసిన బొమ్మలు అందంగా ఉండకపోవడానికి కారణం ఇదే. నీడపడ్డ చెంప మరీ చీకటిగా ఉంటే ఆ వైపు ఒక తెల్లటి తెర నిలబెడతారు, వెలుతురు దానికి తగిలి వెనక్కు వచ్చి నీడను పలచబరుస్తుంది. ఇది హాస్టలు గదిలో కూడా చెయ్యవచ్చు. కిటికీ పక్కన కుర్చీ, రెండోవైపు ఒక తెల్ల దుప్పటి పట్టుకున్న స్నేహితుడు. స్టూడియో తయారు.

రాజుల ఫోటోల్లో మరో సంగతి గమనించండి. జరీ తలపాగా, ముత్యాల హారాలు, కంఠంలో పచ్చలు. పక్కవెలుతురు పడితేనే జరీలోని పోగు పోగు లేచి కనిపిస్తుంది, ముత్యం గుండ్రంగా మెరుస్తుంది. నగల వ్యాపారుల ఇంట పుట్టిన మనిషికి రాయిని ఏ మూలనుంచి వెలుతురు పట్టి చూడాలో చిన్ననాటినుంచే తెలిసి ఉంటుందని ఊహించుకోవడంలో తప్పులేదు. అదేవిధంగా కళ్లు. కిటికీ వెలుగు కంటి నల్లగుడ్డులో ఒక చిన్న తెల్లచుక్కగా పడాలి. ఆ చుక్క ఉంటే కన్ను బ్రతికి ఉంటుంది, లేకపోతే చేపకన్నే.

ఆరుబయట తీసేటప్పుడు మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు. కనుబొమల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడి ఎంత అందగాడైనా జబ్బుపడి లేచినవాడిలా కనిపిస్తాడు. వసారా అంచున, పందిరి కింద, పెద్ద చెట్టు నీడ మొదలయ్యే చోట నిలబెట్టి ముఖం వెలుగువైపు తిప్పాలి. చెట్టుకింద అయితే ఆకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలు ముఖంమీద పడకుండా చూసుకోవాలి.

కూర్చోబెట్టడం, నిలబెట్టడం

తడి పలకల కాలంలో గదిలో ఒక్క ఫోటోకు కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. అందుకని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అవసరమైతే మెడ వెనక కనపడకుండా ఒక ఇనుప ఊత పెట్టేవాళ్లు. పాత ఫోటోల్లో ఎవరూ నవ్వకపోవడానికి అంతసేపు నవ్వు నిలవకపోవడం కూడా ఒక కారణమే. 1880 ప్రాంతాల్లో పొడి పలకలు వాడుకలోకి వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. అయినా పాత కాలపు నిదానం మనకు ఒక సుగుణం నేర్పుతుంది. ఒక్క పలకే ఉందనుకుని తీస్తే కుర్చీ ఎక్కడ వెయ్యాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి, వెనక ఏముంది అని ముందే ఆలోచిస్తాం. ఇరవై తీసి ఒకటి ఏరుకుందామనుకుంటే ఇరవయ్యీ ఒక్క తీరుగానే చెడతాయి.

చేతులు పెద్ద సమస్య. ఏం చెయ్యాలో తెలియక బిగదీసుకుని ఉంటాయి. ఆనాటి చిత్రాల్లో ఒక చెయ్యి కత్తిపిడిమీదో, బల్లమీది పుస్తకంమీదో, కుర్చీచేతిమీదో ఉంటుంది. చేతికి ఏదో ఒక పని ఇచ్చారన్నమాట. బొమ్మను ఎక్కడ తెగ్గొయ్యాలన్నదానికి ఒక కట్టు ఉంది. మణికట్టు, మోచెయ్యి, మోకాలు వంటి కీళ్ల దగ్గర చట్రం అంచు రాకూడదు. కీలుకు కాస్త పైనగాని కిందగాని ఆపితే కంటికి వెలితి అనిపించదు.

కెమేరా ఎత్తు, దూరం కూడా ముఖ్యం. ముఖంవరకే తీస్తే కెమేరా కళ్ల ఎత్తున ఉండాలి. నిలువెత్తు తీస్తే ఛాతీ, నడుము ఎత్తుకు దిగాలి. మరీ కిందనుంచి తీస్తే మనిషి ఉన్నదానికంటె పెద్దవాడుగా, గంభీరంగా కనిపిస్తాడు, పైనుంచి తీస్తే చిన్నవాడవుతాడు. ఇక ముక్కు లావవడానికి కారణం దగ్గరితనం. కెమేరా ముఖానికి జానెడు దూరంలో ఉంటే ముక్కుకూ చెవికీ ఉన్న దూరంలో తేడా ఎక్కువై ముక్కు ఉబ్బుతుంది. అయిదారు అడుగులు వెనక్కు జరిగి, అక్కడినుంచి దగ్గరకు లాక్కుని తియ్యండి. మనిషిని గోడకు ఆనించి నిలబెట్టకండి. గోడనుంచి నాలుగడుగులు ముందుకు తెస్తే నీడ గోడమీద పడదు, ముఖం విడిగా తేలుతుంది.

జనానా స్టూడియో

ఏమాటకామాటే చెప్పుకోవాలి, దీన్‌దయాళ్ చేసిన పనులన్నింటిలోకీ ముందుచూపు గలది 1892లో హైదరాబాదులో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా తెరిచిన జనానా స్టూడియో. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరపురుషుడి ఎదుట ముసుగు తియ్యరు. మరి ఫోటో తీయించుకునేది ఎలా? అందుకని కెన్నీ లెవిక్ అనే ఒక ఇంగ్లీషు దొరసానిని ఆ స్టూడియో నిర్వహణకు నియమించారు. తీసేదీ స్త్రీయే, తీయించుకునేదీ స్త్రీయే.

ఇందులో వ్యాపారం లేదని కాదు, ఉంది. కాని మనిషి ఫోటోకు ఉండవలసిన ఒక మర్యాద కూడా ఇందులో ఉంది. కెమేరా ముందు కూర్చున్న మనిషికి నిర్భయంగా ఉండాలి. వాళ్లకు ఇష్టంలేని చోట, ఇష్టంలేని తీరులో తీసిన బొమ్మ ఎంత మంచి వెలుతురులో తీసినా మంచి బొమ్మ కాదు. ఈనాడు సెల్‌ఫోను ఉంది కదా అని అడగకుండా తీసి, అడగకుండా పదిమందికి పంపేవాళ్లు ఆ జనానా స్టూడియో సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది. అనుమతి అడగడం వెలుతురు చూసుకోవడానికంటె ముందు చెయ్యవలసిన పని.

వేటలు, కరువులు

ఆయన ఫోటోల్లో వేట చిత్రాలు ప్రసిద్ధమైనవి. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ దంపతులు నిజాము అతిథులుగా వచ్చి వరంగల్లు సీమలో నెక్కొండ దగ్గర పులులవేట ఆడారు. చచ్చిన పులిని ముందు పెట్టుకుని దొర, దొరసాని నిలబడ్డ ఫోటో లోకమంతా చూసింది. అమరికపరంగా చూస్తే అది పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గది. కంటిని ఎక్కడికి నడిపించాలో తెలిసినవాడు తీసిన బొమ్మ. కాని పులిని అడవిలోంచి తోలుకొచ్చిన మనుషుల పేర్లు ఆ బొమ్మ కింద ఉండవు. డప్పులు కొట్టినవాళ్లు, డేరాలు మోసినవాళ్లు మన తెలంగాణ పల్లెలవాళ్లే అయి ఉంటారు. పేరు దొరకు మాత్రమే దక్కింది.

అంతకు రెండేళ్ల ముందు, 1899-1900లో దేశాన్ని పెద్ద కరువు పీడించింది. నిజాము రాజ్యంలో ఔరంగాబాదు ప్రాంతం బాగా దెబ్బతిన్నది. ప్రభుత్వం అక్కడ సహాయపు పనులు నడిపింది. ఆ పనుల చిత్రాలు తీసింది కూడా దీన్‌దయాళ్ సంస్థే. నగలతో కూర్చున్న నవాబుల్ని తీసిన సంస్థే బక్కచిక్కిన కూలీలనూ తీసింది. ఆ చిత్రాలు ప్రభుత్వం చేసిన మేలును చూపించడానికి తీయించినవే, అందులో సందేహం లేదు. అయినా గాజుపలకకు పక్షపాతం తెలియదు. తీయించినవాళ్ల ఉద్దేశం ఒకటైతే, ఈనాడు మన కంటికి మొదట కనిపించేది ఆకలిగొన్న మనిషి.

ఇక్కడే దీన్‌దయాళ్‌ను గురించి రెండు రకాల వాదాలు వింటాం. ఆయన ప్రభువుల వైభవాన్ని చిత్రించిన ఆస్థాన సేవకుడని ఒకరంటారు, తెల్లవాళ్లు ఏలుతున్న రంగంలో వాళ్లను మించిన భారతీయుడని మరొకరంటారు. రెండూ నిజమే. కూడుపెట్టిన చేతిని ఆయన కాదనలేదు. ఖర్చుతో కూడిన ఆ కళను దర్బారు అండ లేకుండా ఆ రోజుల్లో అంతకాలం నిలబెట్టడమూ కష్టమే. అయితే ఆయన పనితనం ఆయన యజమానుల రాజ్యాలకంటె ఎక్కువకాలం బ్రతికింది.

చివరి రోజులు, మిగిలిన పలకలు

ఆయన కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రి విద్యనే నేర్చుకుని వ్యాపారంలో చేదోడు అయ్యారు. 1903లో ఢిల్లీ దర్బారు చిత్రాలు తీశారు. ఆ మరుసటి ఏడు, 1904లో ధరమ్‌చంద్ చనిపోయారు. చెట్టంత కొడుకు పోయిన దుఃఖం తీరకముందే 1905లో దీన్‌దయాళ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఒకటి. సికిందరాబాదులో పనిని జ్ఞాన్‌చంద్ కొనసాగించారు. కాని రోజులు మారాయి. చిన్న కెమేరాలు, ఫిల్ము చుట్టలు వచ్చి ఫోటో తీసుకోవడం ఇంటింటి సరదా అయింది. పెద్ద స్టూడియోల వైభవం క్రమంగా తగ్గింది.

గాజుపలక ఎంత బరువో అంత పెళుసు. చెయ్యి జారితే పగులుతుంది, తడి తగిలితే పొర లేస్తుంది. ఇన్ని గండాలు దాటి మిగిలిన ఆయన నెగటివులు 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా అయిదు రూపాయల బిళ్ల విడుదల చేసింది. ఒక్కసారి మన సంగతి ఆలోచించండి. మన ఫోనులోని వేలకొద్దీ బొమ్మలు ఆ ఫోను పాడైనరోజున ఏమవుతాయి? నూరేళ్లనాటి గాజు మిగిలింది, నిన్నటి బొమ్మ మిగలకపోవచ్చు. నచ్చినవాటిని కాగితంమీద అచ్చు వేయించి, వెనక పేర్లు, తేదీ, ఊరు పెన్సిలుతో రాసి పెట్టుకోవడం కూడా ఫోటో విద్యలో భాగమే.

ముగింపు

మిత్రులారా! కాలేజీ విడిచిపోయేముందు ప్రతి ఏడూ గ్రూపు ఫోటో తీయించుకుంటాం. ఆ రోజున దీన్‌దయాళ్ కాలపు కిటుకులు కొన్ని వాడి చూడండి. ముందు వరుస కుర్చీలను తిన్నగా వెయ్యకుండా కెమేరావైపు కొద్దిగా వంపు తిరిగిన విల్లులా వెయ్యండి. చివర కూర్చున్నవాళ్లు కూడా నడుమవాళ్లకు సమానదూరంలో ఉండి ముఖాలు స్పష్టంగా వస్తాయి. వెనకవాళ్లు మెట్లమీదో బల్లలమీదో నిలబడి ఇద్దరి భుజాల సందులోంచి కనిపించాలి. మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దున్నే, భవనం నీడ పడిన చోట తియ్యండి. తీసేముందు నాలుగు మూలలూ చూడండి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆయన కాలంలో జరగనిది. కింద పేర్లు వేసేటప్పుడు ప్రిన్సిపాలు గారి పేరు, అధ్యక్షుడి పేరుతో ఆగిపోకండి. వరుస చివర నిలబడ్డ అటెండరు పేరు, బెంచీలు మోసుకొచ్చిన కుర్రవాడి పేరు కనుక్కుని వెయ్యండి. నెక్కొండ అడవుల్లో పులిని తోలిన మనిషి ఎవరో మనకు ఇక ఎప్పటికీ తెలియదు. మన ఫోటోలో నిలబడ్డ మనిషి ఎవరో తెలుసుకోవడానికి మాత్రం మనకింకా సమయం ఉంది.